పన్ను ప్రాణం మీదికి తెచ్చేదాకా: నోటి వైద్యంలో కులం లెక్క

2007 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 12 ఏళ్ళ నల్లజాతి బాలుడు పుచ్చిపోయిన పన్ను వల్ల చనిపోయాడు. పంటి కింద పట్టిన చీము మెదడుకు పాకింది. ఆ పన్ను పీకడానికి 80 డాలర్లు చాలు. చివరికి మెదడుకు ఆపరేషన్లు, వారాల తరబడి ఆసుపత్రి కలిసి ఖర్చు రెండున్నర లక్షల డాలర్ల దాకా పోయింది, అయినా పిల్లవాడు దక్కలేదు. పేదల ఆరోగ్య పథకం కార్డు చూసి వైద్యం చేసే పళ్ళ డాక్టరు ఆ కుటుంబానికి దొరకలేదు. ఆ మరణం మీద అక్కడ పెద్ద చర్చ జరిగింది. రాష్ట్రం తన పథకాన్ని సవరించింది. 2009లో పిల్లల ఆరోగ్య బీమా చట్టంలో దంత వైద్యాన్ని తప్పనిసరి చేశారు.

మన దగ్గర ఇలాంటి మరణం మీద చర్చ జరగదు, ఎందుకంటే అది పంటి మరణంగా ఎక్కడా నమోదు కాదు. మరణ కారణం దగ్గర ‘సెప్సిస్’ అనో, ‘ఊపిరి ఆగి’ అనో రాస్తే అందులో పన్ను కనిపించదు. ఆ పన్ను ఎన్ని నెలలు నొప్పి పెట్టిందో, ఎన్నిసార్లు మెడికల్ షాపు గోళీతో సర్దుకున్నారో, కూలీ పోతుందని ఎన్నిసార్లు ఆసుపత్రి వాయిదా వేశారో ఏ రికార్డులోనూ ఉండదు. ఏటా మార్చి 20న ప్రపంచ నోటి ఆరోగ్య దినం జరుపుతారు. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది, అంటే సుమారు 350 కోట్ల మంది, ఏదో ఒక నోటి జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. ఇంతమందికి ఉన్న జబ్బు ఎవరికి చిన్న ఇబ్బందిగా మిగులుతోంది, ఎవరికి ప్రాణం మీదికి వస్తోంది అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ఏది ఎమర్జెన్సీ

ముందు గుర్తుపట్టడం గురించి మాట్లాడుకోవాలి. వాడలో, హాస్టల్లో, యూనియన్ ఆఫీసులో ఎవరో ఒకరికి ఈ విషయాలు తెలిసి ఉంటే ప్రాణాలు నిలుస్తాయి.

పన్ను పుచ్చి లోపలి నరం దాకా పాడైతే వేరు కొసన చీము పడుతుంది. అది బయటికి దారి లేక దవడ ఎముక దాటి బుగ్గలోకి, గొంతు కిందికి, మెడ లోపలికి పాకుతుంది. కింది దవడ వెనక పళ్ళ నుంచి చీము నాలుక కిందికి దిగితే నాలుక పైకి లేచి ఊపిరి దారి మూసుకుపోతుంది. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించడం వల్ల దీన్ని ‘లుడ్విగ్స్ ఆంజైనా’ అంటారు. ఇది గంటల వ్యవధిలో ముదరగలదు.

కాబట్టి కింది లక్షణాల్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికే వెళ్ళాలి.

- దవడ కింద, గొంతు ముందు, లేదా కంటి దగ్గరికి పాకే వాపు
- మింగలేకపోవడం, లాలాజలం కారడం, మాట ముద్దగా రావడం
- ఊపిరి ఆడకపోవడం, పడుకుంటే ఆయాసం
- నోరు రెండు వేళ్ళంత కూడా తెరుచుకోకపోవడం
- వాపుతో పాటు జ్వరం, వణుకు, మగత
- పన్ను పీకించుకున్న తర్వాత, లేదా దెబ్బ తగిలిన తర్వాత ఆగని రక్తం
- దెబ్బ తర్వాత దవడ కలవకపోవడం, కింది పెదవి మొద్దుబారడం

షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, కిడ్నీ జబ్బువాళ్ళు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు చిన్న వాపును కూడా తేలిగ్గా తీసుకోకూడదు. గర్భంతో ఉన్నప్పుడు పళ్ళకు వైద్యం చేయించుకోకూడదు అనేది అపోహ. అవసరమైన వైద్యం చేయవచ్చు, చేయించుకోవాలి. మరో హెచ్చరిక: దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే అది గుండెపోటు కావచ్చు. పంటి నొప్పి అనుకుని కూర్చోకూడదు.

పన్ను పీకాక రక్తం ఆగకపోతే శుభ్రమైన గుడ్డను మడిచి ఆ చోట పెట్టి 20, 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టాలి. పదేపదే ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి అని ఆస్పిరిన్ గోళీని చిగురు మీద పెడితే అక్కడ పుండు పడుతుంది. వాపు మీద బయటి నుంచి వేడి కాపడం పెట్టకూడదు. చీము పట్టిన పన్ను ఒక్క యాంటీబయాటిక్‌తో నయం కాదు. చీముకు దారి చేయాలి, లేదా వేరు శుభ్రం చేయాలి, లేదా పన్ను తీయాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసే నొప్పి ఇంజెక్షన్ రెండు రోజులు హాయినిస్తుంది. ఆ రెండు రోజుల్లో లోపల చీము తన పని తాను చేసుకుపోతుంది.

ఇక మూడు వారాలు దాటినా మానని పుండు, నోట్లో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, రోజురోజుకూ తగ్గిపోతున్న నోటి తెరుపు. ఇవి ఆ రాత్రికి ఎమర్జెన్సీ కావు కానీ నిర్లక్ష్యం చేస్తే ప్రాణం తీస్తాయి. భారతదేశంలో మగవాళ్ళలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ నోటి క్యాన్సరే. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టి కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు వల్ల అంగిట్లో వచ్చే మార్పులను 1971లోనే పది వేల మందికి పైగా గ్రామస్తులను పరీక్షించి పరిశోధకులు నమోదు చేశారు. ఈ పొగ తాగేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. యాభై ఏళ్ళు దాటినా ఆ ఊళ్ళకు నోరు తెరిపించి చూసే డాక్టరు క్రమం తప్పకుండా రావడం లేదు.

నోరు, ఎంగిలి, అంటు

ఇదంతా పేదరికం సమస్యే కదా, కులం ఎక్కడుంది అని అడిగేవాళ్ళుంటారు. దంత వైద్యం జరిగే తీరులోనే దీనికి జవాబుంది. జ్వరానికి దూరం నుంచి మందు రాయవచ్చు. పంటికి అలా కుదరదు. డాక్టరు రోగి నోట్లో వేళ్ళు పెట్టాలి, లాలాజలం తగలాలి, ముఖం దగ్గరికి ముఖం తేవాలి. కులవ్యవస్థ అత్యంత కఠినంగా కాపలా కాసింది సరిగ్గా ఈ చోటనే. పీష్వాల పాలనలో పూనాలో అంటరానివాళ్ళు తమ ఉమ్మి నేల మీద పడకుండా మెడలో కుండ కట్టుకుని తిరగాల్సి వచ్చేదని అంబేద్కర్ ‘కుల నిర్మూలన’లో గుర్తు చేశారు. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి కూడా ఎంగిలి చుట్టూ కట్టిన గోడే.

అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో 1929 నాటి ఒక ఘటన ఉంది. కాఠియావాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్య ప్రసవం తర్వాత జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. చివరికి వచ్చి, ఆమెను బయటికి తెప్పించి, థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. ముట్టుకోకుండానే మందు చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె చనిపోయింది. థర్మామీటరు మూడు చేతులు మారి వెళ్ళగలిగింది. పన్ను పీకే పటకారు అలా వెళ్ళలేదు.

ఇది వందేళ్ళ కిందటి కథ అనుకోవడానికి లేదు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిపిన సర్వే ఆధారంగా 2006లో వచ్చిన ‘అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా’ గ్రంథం, మూడో వంతు గ్రామాల్లో ప్రజారోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళలోకి రావడం లేదని నమోదు చేసింది. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లల మీద సంఘమిత్ర ఆచార్య చేసిన అధ్యయనం మందు చేతికిచ్చే దగ్గర, పరీక్ష చేసే దగ్గర తాకకుండా తప్పుకునే వివక్షను చూపింది. మందు చేతిలో పెట్టడానికే వెనకాడే చెయ్యి నోట్లోకి ఎంత ఇష్టంగా వెళ్తుందో ఊహించవచ్చు. ఈ రోజు ఎవరూ “నిన్ను ముట్టుకోను” అని పైకి అనరు. “మందులు రాశాను, వాడి చూడు” అంటారు, “పట్నం వెళ్ళు” అంటారు, “ఎందుకు ఇంత పాడు చేసుకున్నావు, గుట్కా తింటావా” అని పదిమంది ముందు గద్దిస్తారు. ఒకసారి ఆ మాట పడ్డ మనిషి రెండోసారి నొప్పి భరించలేని దాకా ఆ గుమ్మం తొక్కడు. ఆలస్యం ఇలా తయారవుతుంది.

గుట్కా మాట వచ్చింది కాబట్టి: డ్రైనేజీలో దిగేవాళ్ళు, చెత్త ఎత్తేవాళ్ళు కంపు తట్టుకోవడానికి పొగాకు, మందు పట్టుకుంటారన్నది అందరికీ తెలిసిన సంగతి. ఆ పనిని ఒక కులానికి అప్పగించిన సమాజమే ఆ అలవాటును వాళ్ళ గుణంగా లెక్కగట్టి తిడుతుంది.

పన్నుకు పైసా లేదు, ఐసీయూకు లక్షలు

ఇప్పుడు వ్యవస్థ సంగతి. దేశంలో మూడు వందలకు పైగా దంత వైద్య కళాశాలలున్నాయి, వాటిలో అత్యధికం ప్రైవేటువే. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలు, ఆసుపత్రులు ఉన్నాయి. వాటి కింద జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, కొన్ని సీహెచ్‌సీల్లో పళ్ళ డాక్టర్లుంటారు. ఊరికి దగ్గరలో ఉండే పీహెచ్‌సీలో సాధారణంగా ఆ పోస్టే ఉండదు. ఉన్నచోట కూడా ఓపీ పొద్దున పూటే. రోజు కూలీ చేసే మనిషికి ఓపీ వేళ, పని వేళ ఒకటే. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఒక రోజు కూలీ పోతుంది. రూట్ కెనాల్‌కు మూడు నాలుగుసార్లు రమ్మంటే నాలుగు రోజుల కూలీ. 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ప్రైవేటు క్లినిక్‌లో రూట్ కెనాల్, దాని మీద తొడుగు వేలల్లో ఉంటుంది. అందుకే పేదలకు తేలికైన దారి ఒకటే మిగులుతుంది, పన్ను పీకించుకోవడం. అదే పన్నును డబ్బున్నవాడు కాపాడుకుంటాడు. ముప్పై ఏళ్ళకే ముందు పళ్ళు లేని ముఖంతో ఇంటర్వ్యూకి వెళ్ళే యువతీ యువకులను ఎలా చూస్తారో చదువుకున్న మన పిల్లలకు తెలుసు.

మరి పథకాలున్నాయి కదా? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చి చేసే చికిత్సల పథకం. 2018 సెప్టెంబర్‌లో మొదలైన ఆయుష్మాన్ భారత్ జన ఆరోగ్య యోజన పన్నులో గుంత పూడ్చడాన్ని, రూట్ కెనాల్‌ను స్పష్టంగా మినహాయింపుల జాబితాలో పెట్టింది, జబ్బు వల్లో గాయం వల్లో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే తప్ప. దవడ ఎముక విరిగితే ప్యాకేజీ ఉంది. మెడ లోతుల్లో చేరిన చీము తీయడానికి ప్యాకేజీ ఉంది. ఆ చీము పుట్టిన పన్నుకు మాత్రం లేదు. అంటే రాజ్యం మన పన్ను వైపు చూడాలంటే అది ముందు మన గొంతు పట్టుకోవాలి. 2023లో మురుగు కాలువల కార్మికుల కోసం తెచ్చిన ‘నమస్తే’ పథకంలో కూడా ఇచ్చేది ఈ జన ఆరోగ్య కార్డే. పొగాకు వల్ల నోళ్ళు ఎక్కువగా దెబ్బతినే కార్మికులకు నోటిని మినహాయించిన బీమా చేతిలో పెట్టారు.

కాగితం మీద దారులు లేకపోలేదు. 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఆయుష్మాన్ ఆరోగ్య కేంద్రాల సేవల్లో నోటి ఆరోగ్యాన్ని చేర్చారు. ముప్పై ఏళ్ళు దాటిన అందరికీ నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలని ఉంది. 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే కింద ప్రభుత్వ బడి పిల్లలకు చేసే పరీక్షల్లో పంటి జబ్బులు కూడా ఉన్నాయి. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్ళలో ఉండే మన పిల్లలకు ఈ బృందం ఎప్పుడొచ్చింది, ఎవరి నోరు చూసింది, ఎవరిని పైకి పంపింది అన్న లెక్కను విద్యార్థి సంఘాలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 2023లో పార్లమెంటు 1948 నాటి దంత వైద్యుల చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్ చట్టం తెచ్చింది. అది కళాశాలలు, పరీక్షలు, ఫీజుల గురించి మాట్లాడుతుంది. రాత్రి పూట వాచిన ముఖంతో వచ్చిన కూలీ మనిషి ఎక్కడికి వెళ్ళాలో ఆ చట్టం పరిధిలో లేదు.

విరిగిన పన్ను సాక్ష్యం కూడా

దాడి కేసుల్లో పనిచేసే కార్యకర్తలు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. కులదాడుల్లో దెబ్బ తరచూ మూతి మీదే పడుతుంది. ఎదురు మాట్లాడిన నోటిని కొట్టడం దాడి చేసేవాడి ఉద్దేశం. చట్టంలో పన్నుకు ప్రత్యేక స్థానం ఉంది. పాత ఐపీసీ 320వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్, రెండూ ఎముక లేదా పన్ను విరగడాన్ని, స్థానం తప్పడాన్ని ‘తీవ్ర గాయం’గా నిర్వచించాయి. ఉద్దేశపూర్వకంగా చేసిన తీవ్ర గాయానికి 117వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. గాయాల సర్టిఫికెట్‌లో “పెదవి చిట్లింది, సాధారణ గాయం” అని రాసి వదిలేస్తే కేసు అక్కడే బలహీనపడుతుంది.

అందుకే మూతి మీద దెబ్బ తగిలిన బాధితుడిని తీసుకెళ్ళినప్పుడు మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించాలి. కదులుతున్న, విరిగిన, ఊడిన పళ్ళను ఒక్కొక్కటిగా రాయమని అడగాలి. దంత వైద్యుడి అభిప్రాయం, ఎక్స్‌రే కావాలని పట్టుబట్టాలి. ఫొటోలు తీసి ఉంచుకోవాలి.

ఊడిన పన్నును పారేయొద్దు. పెద్దల పన్ను అయితే దాన్ని తిరిగి నిలబెట్టే అవకాశం ఉంది. తెల్లటి భాగాన్నే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి అంటితే పాలతో గానీ మంచినీళ్ళతో గానీ కొన్ని క్షణాలు కడిగి, వీలైతే దాని గుంతలోనే పెట్టి మెత్తటి గుడ్డ కొరికి పట్టాలి. అది కుదరకపోతే పాలలో వేసి తీసుకెళ్ళాలి. గంట లోపు, వీలైతే అరగంట లోపు పళ్ళ డాక్టరు దగ్గర ఉండాలి. కాగితంలో చుట్టి జేబులో పెడితే వేరు ఎండి పనికిరాకుండా పోతుంది. చిన్నపిల్లల పాల పళ్ళను మాత్రం తిరిగి పెట్టకూడదు.

హక్కుగా అడగాలి

ఎమర్జెన్సీలో ఏ డాక్టరూ, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా, చట్టపరమైన లాంఛనాల పేరుతో చికిత్స ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 1996లో వచ్చిన మరో తీర్పు మనకు ఇంకా దగ్గరిది. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వ ఆసుపత్రులు మంచం లేదని, పరికరం లేదని తిప్పి పంపాయి. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి ఆయన తరఫున కోర్టుకెక్కింది. సకాలంలో వైద్యం ఇవ్వకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని, డబ్బు లేదన్న సాకు చెల్లదని కోర్టు చెప్పింది. ఆ తీర్పును తెచ్చుకున్నది కూలీల సంఘం అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కులం కారణంగా ఆసుపత్రిలోకి, పీహెచ్‌సీలోకి రానివ్వకుండా అడ్డుకుంటే 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జెడ్‌ఏ) కింద నేరం. అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం 5వ సెక్షన్ కిందికి వస్తుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో అత్యవసర వైద్యం, వివక్ష లేని వైద్యం రెండూ ఉన్నాయి.

కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులు మరో విషయం చూసుకోవాలి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ కోత పడుతుంటే వాళ్ళకు, కుటుంబానికి ఈఎస్‌ఐ వైద్యం హక్కు, పళ్ళ వైద్యం కూడా అందులో ఉంది. కోత పడుతోంది కానీ కార్డు చేతికి రాలేదంటే అది కాంట్రాక్టరు దొంగతనం. యూనియన్ మొదట అడగాల్సిన ప్రశ్న అది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి కష్టమైనవేమీ కావు. ఆరోగ్యశ్రీలో, జన ఆరోగ్య యోజనలో పన్ను తీయడానికి, వేరు చికిత్సకు, చీము తీయడానికి ఓపీ ప్యాకేజీ పెట్టాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో సాయంత్రం పూట పళ్ళ డాక్టరు ఉండాలి, రాత్రి క్యాజువాలిటీ సిబ్బందికి వాచిన దవడను గుర్తుపట్టే శిక్షణ ఇవ్వాలి. పారిశుద్ధ్య కార్మికులకు ఆరు నెలలకోసారి పని వేళల్లో, జీతం కోయకుండా, నోటి పరీక్ష చేయాలి. గురుకులాల్లో పరీక్షతో ఆపకుండా చికిత్స పూర్తయ్యే దాకా బాధ్యత తీసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చిన చవకైన పంటి మందులను కింది స్థాయి ఆసుపత్రుల దాకా పంపాలి. వీటన్నిటికీ ముందు, నోటి ఆరోగ్య లెక్కలను కులాల వారీగా బయట పెట్టాలి.

చాలామంది పెద్దవాళ్ళు ఇప్పటికీ “పంటి నొప్పికి ఆసుపత్రేంట్రా” అంటారు. భరించడం వాళ్ళకు బతుకు నేర్పిన పాఠం. మనం వాళ్ళను తప్పుపట్టే బదులు వాపు చూసిన రాత్రే బండి మాట్లాడి, తోడు వెళ్ళి, ఓపీ చీటీ మీద ఏం రాశారో చదివి చూడాలి. హాస్టల్లో తోటి విద్యార్థి బుగ్గ వాచి అన్నం మానేస్తే వార్డెన్‌ను లేపాలి.